మా యారాలి మొక్కు కోడి

నేను తేనెటీగలను పెంచింది తేనె కోసం కాదు, మా యారాలిని కుట్టించడానికి. ఈ మాట అంటే అందరూ నవ్వుతారు, తమాషాకు అంటున్నానని అనుకుంటారు. తమాషా ఏమీ లేదు. ఆ రోజుల్లో నా కడుపులో ఉన్న మంటకు ఆమెను ఏ పురుగు కుట్టినా దానికి దండం పెట్టి ఉండేదాన్ని.

యారాలంటే మా బావగారి భార్య, ఆ ఇంటి పెద్దకోడలు. డెబ్బైలు ముగుస్తున్న రోజుల్లో హనుమకొండ సుబేదారిలో మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ముందు వాటా వాళ్ళది, వెనక వాటా మాది, ఇల్లు మాత్రం అత్తమ్మది. అత్తమ్మ పగలు వాళ్ళింట్లో తినేది, రాత్రి మా ఇంట్లో తినేది. ఎవరి కూర బాగుందో ఒక్కనాడూ నోరు జారేది కాదు. రెండు వాటాలకూ కలిపి వెనక ఒక దొడ్డి. అందులో ఒక మునగచెట్టు, బట్టలుతికే బండ, గోడవారగా నా కోళ్ళ గూడు. మా గొడవంతా ఆ దొడ్డి గురించే.

ఆ కోళ్ళు మా అమ్మవి. నేను కాపురానికి వచ్చేటప్పుడు హసన్‌పర్తి నుంచి ఒక పుంజునూ ఒక పెట్టనూ గంపలో పెట్టి, పైన పాత చీర కప్పి, ఎడ్లబండిలో నా పక్కన పెట్టింది. మరుసటేడే ఆమె పోయింది. పెట్టిన చీరలు చిరిగిపోయాయి, ఇచ్చిన బిందె సొట్టలు పడింది. కోళ్ళు మాత్రం పిల్లలు చేసి, ఆ పిల్లలు మళ్ళీ పిల్లలు చేసి, దొడ్డి నిండాయి. అన్నింటికీ మెడ దగ్గర అదే ఎర్రటి ఈక. పొద్దున గూడు తలుపు తీస్తే ఆ ఎరుపు బిలబిలమని బయటికి వచ్చేది. నాకు అమ్మ వచ్చినట్టే ఉండేది.

చలికాలం వచ్చిందంటే నాకు వాటి మీదే ధ్యాస. గూట్లో వరిగడ్డి తడిస్తే వెంటనే తీసేసి పొడిది పరిచేదాన్ని. గడ్డి కింద పొయ్యి బూడిద చల్లితే పేలు పట్టవు. గూడు తలుపుకు గోనె కట్టేదాన్ని కానీ పైన బెత్తెడు సందు వదిలేదాన్ని. అది కూడా మూసేస్తే లోపల ఊపిరి ఆవిరై, తెల్లారేసరికి కోళ్ళకు జలుబు పట్టుకుంటుంది. మంచు ఆరి ఎండ తగిలిందాకా బయటికి వదిలేదాన్ని కాదు. గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు పసుపు, సాయంత్రం పిడికెడు సజ్జలు. ఇదంతా మా అమ్మ చేయగా చూసిందే.

ఇక మా యారాలి సంగతి. అప్పటికే ఇంజనీరింగు కాలేజీ పిల్లలు అద్దె గదుల కోసం హనుమకొండలో వీధి వీధీ తిరిగేవారు. పక్కింటివాళ్ళు ఒక అర్ర కట్టి కిరాయికి ఇచ్చేసరికి ఈమెకు నిద్ర పట్టలేదు. మన దొడ్డిలో కూడా ఒక అర్ర వేద్దామని అత్తమ్మ చెవి దగ్గర ఒకటే సతాయింపు. అర్ర వేస్తే గూడు పోతుంది, కోళ్ళకు తిరిగే జాగా ఉండదు. నేను ఒప్పుకోలేదు. ఒకరోజు మాటా మాటా పెరిగి ఇద్దరం గొంతు లేపేసరికి అత్తమ్మ ఆకు నములుతూ తీర్పు చెప్పింది.

"దొడ్డిల కోళ్ళు తిరిగినన్ని దినాలు దొడ్డి చిన్నదానిది. కోళ్ళు లేనినాడు పెద్దది అర్ర కట్టుకుంటది. ఇగ గీ ముచ్చట నా ముంగట తేవద్దు."

నేను గెలిచాననుకున్నాను. యారాలు చిన్నగా నవ్వి లోపలికి పోయింది. ఆ నవ్వు చూసైనా నాకు బుద్ధి రావలసింది.

ఆ చలికాలమే ఆమె పుట్టింటికి పోయి వచ్చింది. రిక్షా దిగుతుంటే రెండు చంకల్లోనూ కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు. నేను గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఆమె నా ముందు నుంచే దొడ్డిలోకి నడిచింది.

"గివి ఎందుకక్కా?" అన్నాను.

"పోచమ్మకు మొక్కిన పిల్లా. శ్రావణంల కోస్త. అందాక నీ గూట్లె ఉంటయ్."

"నా గూట్లె జాగ లేదు."

ఆమె లోపలికి వినపడేలా, "అత్తా, మొక్కు కోళ్ళకు జాగ లేదంటాంది నీ చిన్న కోడలు" అంది.

మా దగ్గర మొక్కు కోడి అంటే మామూలు కోడి కాదు. ఒకసారి అమ్మవారి పేరు చెప్పి పక్కకు పెట్టాక దాన్ని కోయరాదు, అమ్మరాదు, తరిమేయరాదు, దాని బదులు ఇంకోదాన్ని ఇవ్వరాదు. మొక్కు తీరేదాకా అది ఇంట్లో ఉండవలసిందే. మొక్కు తప్పితే ఎవరి పేరు మీద మొక్కారో వాళ్ళకు కీడు. అత్తమ్మ బయటికి కూడా రాలేదు. "మొక్కు కోడిని వద్దనద్దు బిడ్డా" అని లోపలి నుంచే అంది. నేను లేచి గూడు తలుపు తీశాను. అప్పుడే యారాలు కోళ్ళ కాళ్ళు విప్పుతూ ఇంకో మాట అంది. "మా ఊళ్ళె కోళ్ళు మస్తు అగ్గువైనయ్ ఈపారి. ఎవ్వలను అడిగినా ఇస్తాండ్లు." ఆ మాట నా చెవిన పడింది, బుర్రలోకి మాత్రం పోలేదు.

వారం తిరగకముందే ఆమె తెచ్చిన కోళ్ళలో ఒకటి మూతి తెరిచి గురగురమనడం మొదలుపెట్టింది. తర్వాత నావి. ఆకుపచ్చగా విరేచనాలు, రెక్కలు వేలాడేయడం, మెడ వెనక్కి తిరిగిపోవడం. పొద్దున గూడు తెరిస్తే బిలబిలమని వచ్చే ఎరుపు లేదు, లోపల ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒకదాన్ని చంకలో పెట్టుకుని పశువుల దవాఖానకు పరుగెత్తాను. డాక్టరు దాని కంటి రెప్ప ఎత్తి చూసి, "కొక్కెర రోగమమ్మా. ముందుగా టీకా వేయించాలి, ఇప్పుడు చేసేదేం లేదు" అన్నాడు. తర్వాత, "బయటినుంచి కొత్త కోళ్ళేమన్నా తెచ్చిండ్రా?" అని అడిగాడు.

అప్పుడు ఆ మాట బుర్రలోకి పోయింది. ఊరంతా కోళ్ళను అంత చౌకగా, అగ్గువకు ఎప్పుడిస్తారు? రోగం ఊళ్ళో దిగినప్పుడు, చచ్చేలోపు చేతులు దులుపుకోవడానికి. పల్లెలో పుట్టి పెరిగిన మనిషికి అది తెలియదా? అన్నీ తెలిసే, రెండు చంకల్లో రోగం పెట్టుకుని, అమ్మవారి పేరు అడ్డం పెట్టుకుని నా గూట్లోకి వదిలింది. దవాఖాన నుంచి ఇంటిదాకా నేను ఏడవలేదు. పళ్ళు నూరుకుంటూ నడిచాను. నిన్ను నేను వదలనే, నిన్ను నేను వదలనే అని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను.

మునగచెట్టు అవతల గుంత తీసి అన్నింటినీ పూడ్చి సున్నం చల్లాను. ఆమె మొక్కు కోళ్ళు కూడా అందులోనే. "అమ్మవారే తీస్కపాయె" అని అత్తమ్మ నిట్టూర్చింది. ఆ సాయంత్రమే యారాలు మునగచెట్టు నుంచి గోడదాకా అడుగులు వేసుకుంటూ కొలవడం మొదలుపెట్టింది. గుంత మీద మట్టి ఇంకా తడి ఆరలేదు.

"కోళ్ళు ఒడిసినయ్ గద అత్తా. మేస్త్రిని పిలుస్త" అంది.

నేను లోపలికి పోయి, వడ్ల గుమ్మి వెనక నుంచి గంప తెచ్చి అత్తమ్మ ముందు పెట్టాను. గంపలో ఒక పెట్ట, మెడ దగ్గర ఎర్రటి ఈక. అప్పటికి చాలా రోజుల ముందే పొదుగుకు వస్తే చలికి బయట వద్దని దాన్ని లోపలే పొదగేశాను. గూట్లోవాటితో కలవలేదు కాబట్టి బతికింది. నేను దవాఖాన చుట్టూ తిరిగే గడబిడలో దాని గుడ్లు మురిగిపోయాయి, అది మాత్రం కళ్ళు మిటకరిస్తూ కూర్చుని ఉంది.

యారాలు ముఖం మాడ్చుకుని, "ఒక్కటేనా?" అంది.

అత్తమ్మ గంపలోకి వంగి చూసింది. "ఒక్కటైనా కోడే" అంది.

ఆ ఒక్క కోడి ప్రాణం మీద నా దొడ్డి నిలబడి ఉంది. ఇంకో కోడిని తేవడానికి లేదు. నేలలో రోగం ఉంటుంది, ఎండలు ముదిరి నేల కాలిందాకా కొత్తవాటిని తేవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గూటికి సున్నం కొట్టి, పాత గడ్డి తగలబెట్టి, కోడిని మాత్రం నా మంచం కిందనే పెట్టుకున్నాను. పగలు దొడ్డిలోకి వదిలితే నేను కూడా దాని వెంటే. ఎందుకంటే, అంతవరకు ఎప్పుడూ గడియ పెట్టి ఉండే దొడ్డి వెనక తలుపు ఇప్పుడు కుక్కలు దూరేంత తెరిచి ఉండేది. అడిగితే, "గాలికి తెర్సుకున్నదేమో" అనేది మహాతల్లి.

అలాంటప్పుడు మా ఆయన ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, పక్క ఆఫీసులో తేనెపెట్టెలు ఇస్తున్నారని, ఇంటి దొడ్డిలోనే పెంచుకోవచ్చట అని మామూలుగా చెప్పాడు. నేను రొట్టె కాలుస్తున్నదాన్ని ఆగిపోయాను.

"కుడతయా?"

"తేనెటీగలు కుట్టక ముద్దు పెట్టుకుంటయా?"

"అయితే పట్టుకరా."

పెట్టెతోపాటు ఆ ఆఫీసు మనిషి కూడా వచ్చాడు. చెట్టు తొర్రలో ఉండే చిన్న తేనెటీగలు, నల్లటి చారలవి. చెక్కపెట్టెకు కింది అర పిల్లల కోసం, పై అర తేనె కోసం. పెట్టె నాలుగు కాళ్ళ కింద నాలుగు గిన్నెల్లో నీళ్ళు పోయించాడు, చీమలు ఎక్కకుండా. ద్వారం పొద్దుటి ఎండకు ఎదురుగా ఉండాలి, మధ్యాహ్నం నీడ పడాలి. చలికి పూలు తక్కువైతే చక్కెర నీళ్ళు కాచి చల్లార్చి పెట్టాలి. ద్వారం సగం మూసి, పెట్టె మీద గోనె కప్పాలి. ఇవన్నీ కోళ్ళ సంగతుల్లాగే ఉన్నాయనుకుని బుద్ధిగా విన్నాను. పోతూ పోతూ, "పెట్టె దగ్గర దబదబ చప్పుడు చెయ్యద్దమ్మా. నేల అదిరితే వాటికి కోపం" అన్నాడు. అన్నింటికంటే ఎక్కువ నాకు ఆ మాటే గుర్తుండిపోయింది.

పెట్టెను ఎక్కడ పెట్టానో వేరే చెప్పాలా? యారాలు అడుగులతో కొలిచిన చోటికి సరిగ్గా నడిమధ్యన. మునగ అప్పుడు పూత మీద ఉంది. తేనెటీగలు పొద్దెక్కగానే చెట్టు మీదికి, అక్కడినుంచి గోడ దాటి ఎక్కడెక్కడికో పోయి వచ్చేవి. నేను ద్వారానికి పక్కగా కూర్చుని వాటి రాకపోకలు చూసేదాన్ని. నన్ను ఒక్కటీ కుట్టలేదు. చక్కెర నీళ్ళు పెడుతూ వాటితో రహస్యంగా మాట్లాడేదాన్ని కూడా. ఏం మాట్లాడేదాన్నో మీరే ఊహించుకోండి.

ఆమె ఊరుకునే మనిషి కాదు. కోడి ఎట్లాగూ నేడో రేపో పోయేదే, పునాది గుర్తులైనా వేసిపెడదామని మేస్త్రిని తీసుకొచ్చింది. పెట్టెను చూసి మేస్త్రి వెనకా ముందూ ఆడాడు. "ఈగలే గద, గవేం జేస్తయ్" అని ఆమే ముందుకు తోసింది. మేస్త్రి గడ్డపార ఎత్తాడు. నేను గడపలో చాట ముందు పెట్టుకుని జొన్నలు చెరుగుతున్నాను. చప్పుడు చేయవద్దని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. జొన్నలు ఇంకా జాగ్రత్తగా చెరిగాను.

గడ్డపార రెండోసారి నేలకు తగిలిందో లేదో, పెట్టెలోంచి హోరుమని లేచాయి. మేస్త్రి గడ్డపార అక్కడే పారేసి గోడ దూకాడు. యారాలు కొంగు నెత్తిమీదికి లాక్కుని అటూ ఇటూ తిరిగి, చివరికి నా గుమ్మంలోకే వచ్చిపడింది. ఒకటి చెంప మీద, ఒకటి చెవి తమ్మె మీద, ఒకటి కనురెప్ప మీద. కన్ను మూసుకుపోయింది. సున్నం రాస్తే మంట తగ్గుతుంది. సున్నం డబ్బీ అత్తమ్మ తమలపాకుల పక్కనే ఉందని నాకు తెలుసు. అయినా వంటిల్లంతా వెతికాను. నా కడుపులో మంట చల్లారింది. చాలా రోజుల తర్వాత ఆ పూట నాకు అన్నం రుచిగా తగిలింది.

కన్ను తెరుచుకోగానే ఆమె మళ్ళీ అమ్మవారినే పట్టుకుంది. ఇంటికి కీడు పట్టిందని, సాయంత్రం కాగానే నిప్పుల మీద ఊదు వేసి, ఆ పొగను ఇల్లంతా తిప్పి, దొడ్డిలోకి తెచ్చేది. కోళ్ళ గూడు చుట్టూ ఒకసారి తిప్పేది. పెట్టె ముందుకు రాగానే కాలు నొప్పి పుట్టేదేమో, అక్కడే నిలబడి మంత్రాలు చదివినట్టు గొణుగుతూ గుప్పెళ్ళతో ఊదు వేసేది. పొగ తిన్నగా ద్వారంలోకి. మొదట్లో వారానికి ఒకసారి, తర్వాత రోజూ.

"అక్కా, పొగకు తేనెటీగలు ఆగయి" అన్నాను.

"ఊదు ఎయ్యద్దంటవా? అత్తా, ఇంట్ల ఊదు ఎయ్యద్దంటాంది."

అత్తమ్మ నా వైపు చూసిన చూపుకు నేను నోరు మూసుకున్నాను. ఆఫీసు మనిషి దగ్గరికి పోతే, "కొంచెం పొగ పెడితే మెత్తబడతాయమ్మా. రోజూ పెడితే ఇల్లు తగలబడుతోందనుకుంటాయి" అన్నాడు. అదే అయింది. ఒకనాటి పొద్దున పెట్టెలోంచి అన్నీ ఒక్కసారిగా బయటికి పొర్లుకొచ్చాయి. కాసేపు మునగకొమ్మకు ముద్దగా వేలాడాయి. నేను గంప పట్టుకుని కిందికి చేరేసరికి లేచి గోడ దాటి పోయాయి. పెట్టె తెరిస్తే ఖాళీ పట్లు, ఒక మూల కాస్త తేనె. వేలితో గీకి మొత్తం నేనే తిన్నాను. ఎవరికీ పెట్టలేదు.

దొడ్డిలో మళ్ళీ కోడి ఒక్కటే మిగిలింది. యారాలు బట్టలుతుకుతూ దాన్ని చూసే చూపు నాకు తెలుస్తూనే ఉంది. ఎండలు రావడానికి ఇంకా టైముంది. నేను బండ మీద కూర్చుని ఆలోచించాను. రెండుసార్లు నన్ను ఓడించింది ఈమె తెలివి కాదు, దేవుడి పేరు. ఆ పేరు ముందు అత్తమ్మ నోరు పెగలదు, నా నోరు అసలే పెగలదు. మరి అమ్మవారేమైనా ఈమె ఒక్కదాని సొత్తా?

మరుసటి ఆదివారం తలస్నానం చేసి, కోడికి పసుపు రాసి, నెత్తిన కుంకుమ బొట్టు పెట్టి, కాలికి ఎర్ర దారం కట్టాను. అత్తమ్మ ముందు వాటా అరుగు మీద కూర్చుని ఉంది, యారాలు ఆమె తల దువ్వుతోంది. కోడిని రెండు చేతులా పట్టుకుని వాళ్ళ ముందు నిలబడ్డాను.

"అత్తమ్మా, మన పెద్ద పిలగానికి సర్కారు నౌకరి రావాలని ఈ కోడిని పోచమ్మకు మొక్కిన. ఆర్డరు చేతికొచ్చిననాడు కోస్త. అందాక ఇది అమ్మవారిది."

పెద్ద పిలగాడంటే యారాలి కొడుకు. డిగ్రీ అయి, పరీక్ష మీద పరీక్ష రాస్తూ ఇంట్లో ఉన్నాడు. వాడి నౌకరీ ఒక్కటే ఆ తల్లికి పగలూ రాత్రీ ఫికర్. అత్తమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది, కళ్ళు కూడా తుడుచుకుంది. యారాలి చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"నా కొడుకు మొక్కు నేను మొక్కనా? నీకెందుకు?" అంది, గొంతు తగ్గించి.

"మొక్కిన, అయిపాయె. మొక్కు కోడికి ఏమన్న అయితే ఎవలకు కీడో నాకంటె నీకే ఎక్కువ తెలుసక్కా."

ఆమె ముఖంలో రక్తం దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. ఆ రోజు సాయంత్రం దొడ్డి వెనక తలుపుకు గడియ పడింది. తర్వాత అది ఎప్పుడూ గాలికి తెరుచుకోలేదు.

ఎండలు ముదిరాయి, నేల కాలింది. హసన్‌పర్తి నుంచి పుంజును తెచ్చాను. ఆ పెట్ట గుడ్లు పెట్టి పొదిగి, దొడ్డి మళ్ళీ నిండింది. అర్ర మాట ఎవరూ ఎత్తలేదు. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు, మళ్ళీ వచ్చిన చలికాలం గురించి.

ఆ చలికాలం నేను కోడిని పట్టించుకోలేదు. మిగిలినవాటిని చూసుకున్నాను, టీకాలు కూడా వేయించాను. మొక్కు కోడిని మాత్రం నిమ్మళంగా వదిలేశాను. యారాలు రెండు రోజులు చూసింది. మూడోనాటి పొద్దున నేను దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటే దొడ్డిలో అలికిడి. కిటికీ సందులోంచి చూశాను. మంచులో, నెత్తికి శాలువా చుట్టుకుని, గూటి పక్కన కుంపటి రాజేస్తోంది. నిప్పుల మీద బూడిద కప్పి, పొగ రాకుండా విసురుతోంది. చెంబులో గోరువెచ్చటి నీళ్ళు. కొంగున సజ్జలు. నా కోళ్ళను చంపిన చేతులతోనే కోడి వీపు నిమురుతోంది. నేను దుప్పటి ముసుగు తన్ని హాయిగా మళ్ళీ పడుకున్నాను.

అలా ఎన్ని చలికాలాలో. పిల్లవాడు పరీక్షలు రాస్తూనే ఉన్నాడు, నౌకరీ రాలేదు. నేను మాత్రం అమ్మవారిని అటూ అడగలేదు, ఇటూ అడగలేదు. అప్పుడప్పుడు, "అక్కా, కోడి తుమ్మినట్టుంది జర సూడు" అనేదాన్ని, అంతే. పాపం, వండుతున్న కూర దించి పరుగెత్తేది. ఒకసారి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చెంగు కప్పి, రిక్షాలో దవాఖానకు తీసుకుపోయింది. కోడి కూడా ఆమె గొంతు వింటే చాలు, నన్ను దాటుకుని ఆమె దగ్గరికి పోయేది. ఆమె బట్టలుతుకుతుంటే బండ పక్కనే ముడుచుకుని కూర్చునేది. ఆమె దానితో మాట్లాడటం నేను విన్నాను. కొడుకు గురించీ, మొగుడి గురించీ, మోకాళ్ళ నొప్పి గురించీ.

చివరికి ఆర్డరు వచ్చింది. అత్తమ్మ వీధి వీధంతా చక్కెర పంచింది. నేను ఆ సాయంత్రమే ముందు వాటాకు పోయాను.

"అక్కా, ఆదివారం మొక్కు తీర్చాలె."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. అన్నేళ్ళలో నన్ను ఎప్పుడూ పిలవని పిలుపు పిలిచింది. "చెల్లె, ఇంకో కోడిని కోద్దాం. మంచి పుంజును నేనే తెస్త. అది ముసల్ది, ఉండనీ."

"మొక్కింది దీన్నే గదక్కా" అన్నాను.

ఆదివారం పోచమ్మ గుడి దాకా కోడిని ఆమే ఎత్తుకుని నడిచింది. అది ఆమె చంకలో తల దాచుకుని, ఒక్కసారైనా రెక్క కొట్టుకోలేదు. కోసేటప్పుడు ఆమె వేపచెట్టు అవతలికి పోయి నిలబడింది. ఇంటికొచ్చి నేనే వండాను. అందరికీ వడ్డించాను. ఆమె విస్తట్లో మంచి ముక్క చూసి వేశాను.

ఆమె అన్నం కలపలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారి విస్తట్లో పడుతున్నాయి. "కొడుక్కు నౌకరి వచ్చిననాడు ఏడుస్తవేందే?" అంది అత్తమ్మ.

"పొయ్యి పొగ కండ్లల్ల పడ్డదత్తా" అంది ఆమె.

నేను ఆమెకు ఎదురుగా కూర్చుని తిన్నాను. ఆ కోడి మా అమ్మ ఇచ్చిన పెట్ట సంతతిలో పుట్టిన కోడి. నాదిగా ఉండుంటే ఆ ముద్ద నాకు గొంతు దిగేది కాదు. కానీ అప్పటికి అది ఎన్నడో ఆమెదైపోయింది. ముసలి కోడి, ముక్క సరిగ్గా ఉడకలేదు. అయినా గిన్నె దగ్గరికి లాక్కుని, ఇంకో గరిటె వేసుకున్నాను.